షార్ట్‌స్టాప్ అంటే ఎవరు?

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా మనవడిని బేస్‌బాల్ జట్టులో షార్ట్‌స్టాప్‌గా వేశారట. ఫోన్లో ఒకటే సంబరం! మాకు క్రికెట్ తప్ప తెలీదు. అసలు ఆ పేరేమిటండీ?
– ఒక తాతగారు, గుంటూరు

జవాబు: సంబరపడాల్సిన సంగతే. చురుకైన కాళ్లు, గట్టి చెయ్యి ఉన్న పిల్లల్ని ఏరి మరీ అక్కడ నిలబెడతారు. రన్నర్ వరుసగా తాకుతూ పోవాల్సిన మజిలీలే బేస్‌లు; రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య అతని చోటు. కుడిచేతివాటం బ్యాటర్లు బలంగా లాగి కొట్టే బంతులు ఎక్కువగా అటే దూసుకొస్తాయి.

మొదట్లో ఈ చోటే లేదు. 1849–50 ప్రాంతంలో న్యూయార్క్ నికర్‌బాకర్ క్లబ్బు ఆటగాడు డాక్ ఆడమ్స్ దీన్ని మొదలుపెట్టాడంటారు. వృత్తికి వైద్యుడు. బంతులు చేసేవాళ్లు దొరక్క, రబ్బరు ముక్కలకు నూలు చుట్టి, పైన గుర్రపు తోలు తొడిగి తనే తయారుచేసేవాడు. ఆ తోలు కుట్టే పద్ధతి నేర్పింది జీనులు కుట్టే ఒక స్కాట్లండ్ పనివాడు! బంతి మరీ తేలిక, ఎంత విసిరినా దూరం పోదు. అందుకే బయటి ఫీల్డర్ విసిరినదాన్ని నడుమ అందుకుని లోపలికి అందించే మనిషి కావలసివచ్చాడు. బంతి గట్టిపడ్డాక ఆ అవసరం తగ్గింది, ఆ ఫీల్డరూ లోపలికి జరిగాడు. ఇప్పటి చోటును స్థిరపరచిన ఘనత బ్రూక్లిన్ అట్లాంటిక్స్ ఆటగాడు డికీ పియర్స్‌కు ఇస్తారు.

పేరు సంగతి మీ క్రికెట్‌తోనే తేలుతుంది. కీపర్ వెనకాల దూరాన ఉండి బంతి ఆపేవాణ్ణి లాంగ్ స్టాప్ అనేవారు. షార్ట్ లెగ్‌లో ‘షార్ట్’ అంటే దగ్గర. బయటి ఫీల్డర్లకన్నా దగ్గరగా ఉండి బంతి ఆపేవాడు కాబట్టి ఇతను షార్ట్‌స్టాప్. ‘షార్ట్ ఫీల్డ్’ అని కూడా అనేవారు.

బయటి త్రోను నడుమ అందుకునే పాత పని పూర్తిగా పోలేదు సుమండీ. 2001 అక్టోబరులో ఓక్లండ్‌తో ఆటలో బయటినుంచి వచ్చిన త్రో గురితప్పితే, యాంకీస్ జట్టు షార్ట్‌స్టాప్ డెరెక్ జీటర్ మైదానం అడ్డంగా పరుగెత్తి, బంతిని అందుకుని పక్కకు విసిరి క్యాచర్‌కు (మీ కీపర్‌లాంటివాడు) అందించాడు. రన్నర్ అవుట్. యాంకీస్ 1–0తో గెలిచారు. వీడియో దొరుకుతుంది, మనవడితో కలిసి చూడండి.

ప్రశ్న: మా అబ్బాయిది ఎడమచేతివాటం. షార్ట్‌స్టాప్ కుదరదన్నారు. ఇదేం న్యాయం?
– ఒక తల్లి, డాలస్

జవాబు: అన్యాయమేమీ లేదమ్మా. అక్కడ నిలబడితే మొదటి బేస్ ఎడమవైపు ఉంటుంది. కుడిచేతివాడు బంతి తీసిన ఊపులోనే విసిరేస్తాడు. ఎడమచేతివాడు ఒళ్లంతా తిప్పుకోవాలి. ఈలోగా రన్నర్ బేస్ చేరిపోతాడు. పిచ్చర్‌గానో మొదటి బేస్ దగ్గరో ఆడించమని అడగండి, అక్కడ ఎడమచెయ్యి వరమే.