తట్టు తగ్గాక వచ్చే జబ్బులు

ప్రశ్న: మా బాబుకు తట్టు పోసి తగ్గింది. అప్పటినుంచీ విడవకుండా దగ్గు, విరేచనాలు. అమ్మవారు పోస్తే ఇంతేనంటున్నారు. నిజమేనా?
– ఒక తల్లి, మైపాడు

జవాబు: దానికి కారణముందమ్మా. పాత జబ్బులను గుర్తుపెట్టుకునే కణాలనే తట్టు వైరస్ చంపేస్తుంది. నెదర్లాండ్స్‌లో టీకా వేయించుకోని పిల్లల మీద 2019లో వచ్చిన అధ్యయనంలో, తట్టు సోకినవాళ్లు అంతకుముందున్న యాంటీబాడీల్లో 11 నుంచి 73 శాతం దాకా పోగొట్టుకున్నారు. ఆ లోటు రెండుమూడేళ్లు కూడా ఉండొచ్చు. తట్టు వెనకే న్యుమోనియా, విరేచనాలు రావడం అందుకే.

కొద్దిరోజులు దీనికి విరుద్ధంగానూ జరుగుతుంది. తట్టుతో ఇంట్లో పడుకున్న పిల్లాడికి బడిలో తిరిగే కోరింతదగ్గు అంటదు. టీకాలు రాకముందు యూరప్ నగరాల్లో ఈ రెండూ ఒకేసారి కాక, వంతులేసుకున్నట్టు ప్రబలిన దాఖలాలున్నాయి. అది రక్షణ అనుకోవద్దు.

బాబును వెంటనే పీహెచ్‌సీలో చూపించండి, విటమిన్ ఎ గురించి అడగండి. ఎగశ్వాస, మగత ఉన్నా, ఏమీ తాగలేకపోయినా ఆలస్యం చేయకుండా నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మిగతా టీకాలు మానొద్దు. మన రాష్ట్రంలో 2017 నుంచి తట్టు, రుబెల్లాలకు వేసే ఎం.ఆర్. టీకా ఉచితం: 9 నెలలు నిండగానే ఒకటి, 16–24 నెలల మధ్య రెండోది. చేపల వేటకు వేరే ఊరు వెళ్లినా టీకా కార్డు వెంట ఉంచుకోండి, అక్కడా వేస్తారు.