బండల లెక్క తెలిసిన పిల్లలు

ప్రశ్న: అవుకు మండలంలోని ఒక పల్లె హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. తొమ్మిదో తరగతిలో సగం మందికి భాగహారం రాదు. చాలామంది తల్లిదండ్రులు బండల గనుల్లో, పాలిష్ ఫ్యాక్టరీల్లో కూలికి పోతారు. పని ఎక్కువగా ఉన్నప్పుడు పిల్లలూ వెంట పోతారు. "చదివి ఏం చేస్తాం మేడమ్, ఆఖరికి బండలే కదా" అని ఒకబ్బాయి అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. గొప్పవాళ్ల జీవితాలు చెప్పి చూశాను. ఆ పూటకు కళ్లు మెరుస్తాయి, మర్నాటికి మళ్లీ మామూలే. వీళ్లలో పట్టుదల ఎలా తేవాలి?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: అమ్మా, గొప్పవాళ్ల కథ విన్న పిల్లవాడు మర్నాడు బడికొచ్చి చూసేది నల్లబల్ల మీద తనకు అర్థం కాని లెక్కనే. నిన్న పుట్టిన ఆశ నిలబడటానికి వాడికి చోటేదీ? "నాకు ఇది వచ్చింది" అని వాడికి వాడు అనుకున్న రోజున పట్టుదల దానంతటదే మొదలవుతుంది. అందుకని ముందు భాగహారం సంగతి చూద్దాం.

బండలే కదా అన్న ఆ అబ్బాయినే పిలవండి. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు బండ ఎన్ని చదరపు అడుగులని అడగండి. నాలుగని నోటితో చెప్పేస్తాడు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గదికి అలాంటివి ఎన్ని పడతాయి? వరుసకు ఆరు, అయిదు వరుసలు, మొత్తం 30. అప్పుడు బోర్డు మీద 120ని 4తో భాగించి చూపండి. ఇన్నాళ్లూ తనను భయపెట్టింది తన ఇంటి లెక్కేనని వాడికి తెలుస్తుంది. తర్వాత గది పొడవు 11 అడుగులనండి. ఒక వరుస బండలు సగానికి కోయాలంటాడు. భిన్నాల పాఠం అక్కడ మొదలైనట్టే.

సైన్సు చెప్పే సహోద్యోగికీ ఒక మాట చెప్పండి. మన నాపరాయి నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి. అందుకే సుత్తి, ఉలితో పలకలుగా విడుతుంది. పక్కనే కొలిమిగుండ్ల మండలంలో 3,229 మీటర్ల బెలుం గుహలను వేల ఏళ్లుగా నీళ్లు తొలిచింది ఇలాంటి రాతిలోనే. నాన్న కొట్టే రాయికి ఇంత చరిత్ర ఉందని తెలిసిన పిల్లవాడు "బండలే కదా" అనే మాటను మళ్లీ అదే గొంతుతో అనలేడు.

సగం తరగతికి భాగహారం రానప్పుడు తొమ్మిదో తరగతి పుస్తకాన్ని మాత్రమే పట్టుకుని ముందుకు పోతే, ఎవరి వెంట పోతున్నామో మనకే తెలియదు. 'ప్రథమ్' సంస్థ చాలా ఏళ్లుగా ఒక పద్ధతి నడుపుతోంది. పిల్లలను తరగతిని బట్టి కాకుండా వాళ్లకు వచ్చినదాన్ని బట్టి జట్లుగా చేసి, రోజూ కొంతసేపు చదవడం, లెక్కలు నేర్పుతారు. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో దీన్ని పరీక్షించి, ఫలితం ఉంటుందని చూపారు. రోజుకు ముప్పావుగంట దొరికినా చాలు, మొదలుపెట్టండి. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో సిలబస్ అయిపోవాలన్న తొందరలో వెనక బెంచీలను వదిలేశాను. ఆ ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. మీకు ఆ బాధ వద్దు.

మీవి రెండేళ్లే, గుర్తుంచుకోండి. బొలీవియా నుంచి అమెరికా వెళ్లిన హైమె ఎస్కలాంటె 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్ఫీల్డ్ హైస్కూల్లో టీచరుగా చేరారు. అక్కడ చదివేది ఎక్కువగా మెక్సికో మూలాలున్న శ్రామికుల పిల్లలు. 1982లో ఆయన విద్యార్థులు 18 మంది కాలేజీ స్థాయి కాలిక్యులస్ పరీక్ష పాసయ్యారు. జవాబులు ఒకేలా ఉన్నాయని అనుమానించి పరీక్ష పెట్టినవాళ్లు 14 మందిని మళ్లీ రాయమన్నారు. 12 మంది రాశారు, 12 మందీ పాసయ్యారు. ఆయన కథతో తీసిన సినిమాలో ఇదంతా త్వరగా జరిగిపోతుంది. నిజానికి ఆయనకు ఎనిమిదేళ్లు పట్టింది. మొదట్లో కాలిక్యులస్ క్లాసులో మిగిలిన పిల్లలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

పనికి పోయిన పిల్లవాడు తిరిగి వచ్చిన రోజు "ఎక్కడ చచ్చావు" అని ఎవరూ అనకుండా చూడండి. "నువ్వు లేని మూడు రోజుల పాఠం ఇదిగో" అని ఒక కాగితం చేతికివ్వండి.

ప్రశ్న: నేను, మా ఆయన పాలిష్ ఫ్యాక్టరీలో చేస్తాము. పాప ఎనిమిదో తరగతి. బాగా చదువుతాందని సారు ఇంటికొచ్చి చెప్పినాడు. పది అయితే చాలు, పెళ్లి చేసేద్దాం అంటాది మా యత్త. మాకాడ డబ్బు లేదు. ఏం చేయాల?
– ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ఆ సారు సరైన ఏడాదే మీ గడప తొక్కాడు. ఎన్‌.ఎమ్‌.ఎమ్‌.ఎస్. అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. సర్కారు బడుల పిల్లలు ఎనిమిదో తరగతిలోనే రాయాలి, తర్వాత అవకాశం ఉండదు. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు పాప ఖాతాలో పడతాయి. రేపే సారు దగ్గరికి పోయి ఆదాయ, కుల ధ్రువపత్రాలు ఎప్పటికి కావాలో అడగండి. చాలామంది పిల్లలు వెనకపడేది చదువు రాక కాదమ్మా, కాగితం వేళకు చేరక.

పది అయ్యాక దారులు ఉన్నాయి. కస్తూర్బా బాలికా విద్యాలయంలో హాస్టల్‌తో పాటు ఇంటర్ చదవవచ్చు. పదిలో మంచి మార్కులు వస్తే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. ఎంట్రన్స్ రాయనక్కర్లేదు, పది మార్కులే చూస్తారు. సర్కారు బడిలో చదివినందుకు కొంత అదనపు వెయిటేజీ కూడా ఇస్తారు.

మీ అత్తగారికి మన పక్క జిల్లా సంగతి చెప్పండి. ఆదోని మండలంలో ఒక కూలీల బిడ్డకు పది కాగానే పెళ్లి చేయాలనుకున్నారు. చదువుతానని ఆ పిల్ల పట్టుబట్టింది. అధికారులు కల్పించుకుని పెళ్లి ఆపి, ఆలూరు దగ్గరి ఆస్పరి కస్తూర్బా విద్యాలయంలో చేర్చారు. 2024లో ఇంటర్ మొదటి ఏడాదిలో 440కి 421 తెచ్చుకుంది. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేస్తే చట్టప్రకారం నేరం. ఒత్తిడి ఎక్కువైతే 1098కి ఫోన్ చేయవచ్చు. అయినా అత్తగారితో మాట్లాడటానికి ఆ సారునూ వెంట తీసుకుపొండి. పెద్దావిడ ఆయన మాట వినవచ్చు.

ప్రశ్న: పదో తరగతి. మా లెక్కల సార్‌కు బదిలీ అయ్యింది. ఆయన ఉన్నప్పుడు పొద్దున్నే అయిదింటికి లేచి చదివేవాణ్ణి. ఇప్పుడు పుస్తకం ముట్టాలని లేదు.
– ఒక విద్యార్థి, అవుకు

జవాబు: నాయనా, సార్ పోయిన దిగులు నాకు అర్థమవుతోంది. అట్లాంటి మనిషి పోయినాక బడి బోసిపోతుంది. ఆయనకు ఫోన్ చేసి, వారానికోసారి నువ్వు చేసిన లెక్కలు ఫోటో తీసి పంపవచ్చా అని అడుగు. చాలామంది ఉపాధ్యాయులు ఇలాంటి ఫోన్ కోసమే ఎదురుచూస్తారు.

ఇంకో పని. మీ వీధిలో ఎక్కాలు రాని ఆరో తరగతి పిల్లవాడు ఒకడుంటాడు. రోజూ సాయంత్రం అరగంట వాణ్ణి కూర్చోబెట్టుకో. సార్ నీకు ఎలా చెప్పేవారో అలాగే చెప్పు. వాడు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే నువ్వు పొద్దున్నే లేవక తప్పదు. వాడు ఏ ఎక్కం దగ్గర ఆగిపోయాడో నెల తర్వాత నాకు రాయి.