పాప పుట్టిన కాగితం

సూరారం బస్తీలో ఒక ఇల్లాలికి ఇంట్లోనే కాన్పు అయింది. ఆడపిల్ల పుట్టింది. భర్త జీడిమెట్లలో కూలి పని చేస్తాడు. "పేరు పెట్టినంక ఆఫీసుల రాయిద్దం" అన్నాడు.

పక్కింటి అక్క ఒప్పుకోలేదు.

"పేరు కోసం ఆగొద్దు తమ్మీ. ఏడాదిలోపల పేరు ఎప్పుడైనా రాయించొచ్చు, పైసలు కట్టే పని లేదు. పాప పుట్టిన సంగతి మాత్రం 21 రోజుల్లో చెప్పాలె" అంది.

అప్పటికి 16 రోజులు అయ్యాయి. అతను మర్నాడే పని మాని, ఆధార్ కార్డులు తీసుకొని మున్సిపల్ ఆఫీసుకు పోయాడు.

ఆస్పత్రిలో కాన్పు అయితే ఆస్పత్రివాళ్లే తెలియజేస్తారు. ఇంట్లో అయితే ఇంటిపెద్ద చెప్పాలి. 21 రోజులు దాటితే ఆలస్య రుసుం కట్టాలి. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటిందా, మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఎన్ని కూలి రోజులు పోతాయో!

మరి సర్టిఫికెట్ ఎన్నాళ్లకు ఇవ్వాలి? చట్టం 2023లో మారింది. నమోదు అయిన 7 రోజుల్లో ఇవ్వాలి. నమోదు చేయించినవారికి ఉచితంగా ఇవ్వాలి. "రేపు రా, ఎల్లుండి రా" అనకూడదు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడికి, ఆధార్‌కు, ఓటుకు, పాస్‌పోర్టుకు పుట్టిన తేదీ రుజువు ఈ కాగితమే.

రిజిస్ట్రారు చేసింది సరిగా లేదనిపిస్తే 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన 90 రోజుల్లో తేల్చాలి.