స్పర్శ జంట తారలు: పరిభ్రమణ కాలం ఎందుకు మారుతుంది?

రెండు తారలూ తమ రోష్ లోబ్‌లను (ఒక్కో తార తన గురుత్వంతో పట్టి ఉంచగల పరిధి) నింపేసి ఒకే వాయుపొరను పంచుకుంటే అది స్పర్శ జంట. నమూనా: డబ్ల్యు అర్సే మేజోరిస్ (1903లో కనుగొన్నారు), పరిభ్రమణ కాలం సుమారు 8 గంటలు. ఒక తార మరోదాన్ని కప్పే గ్రహణాన్ని గమనించిన సమయంలోంచి లెక్కించిన సమయం తీసేసి గీసేది ఓ–సి రేఖాచిత్రం. వక్రం పైకి తెరుచుకుంటే కాలం పెరుగుతోంది, కిందికైతే తగ్గుతోంది. ద్రవ్యరాశి తేలిక తార నుంచి బరువైన తారకు చేరితే కాలం పెరుగుతుంది, తిరగేస్తే తగ్గుతుంది. తికమకపెట్టే బిట్ ఇదే.

వక్రం కనబడగానే ద్రవ్యరాశి బదిలీ అని తేల్చేయడం మాత్రం తొందరపాటు. మూడో తార ఉన్నా, అయస్కాంత చక్రం (యాపిల్‌గేట్, 1992) ఉన్నా అలలాంటి హెచ్చుతగ్గులు వస్తాయి. అలలో ఒక ముక్కే చూస్తే అదీ పారాబోలాలాగే ఉంటుంది. పాత కొలత తప్పినా మోసపోతాం: స్పర్శ జంట కేఐసీ 9832227 తారలు 2022లో కలిసిపోతాయన్న 2017 నాటి అంచనా, పాత గ్రహణ సమయంలో 12 గంటల తప్పు బయటపడి 2018లో వీగిపోయింది. అలాగని విలీనమే కల్పన అనలేం: వి1309 స్కార్పియై జంట 2008లో విలీనమై భగ్గుమంది, అంతకుముందు ఏళ్ల కొలతల్లో దాని 1.4 రోజుల కాలం తగ్గుతూ వచ్చింది. కాబట్టి తీర్పు చెప్పేది దశాబ్దాల రికార్డే. అలాంటి కొలతలకు మన దగ్గర హైదరాబాద్ ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల (1908లో బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది), జాపాల్–రంగాపూర్ 48 అంగుళాల టెలిస్కోపు (1968) గుర్తుంచుకోండి. ఉస్మానియా ఖగోళ పరిశోధనలో గ్రహణ జంటల కాంతి కొలతలకు పెద్దపీట ఉండేది.