మిరప కోతల ఊళ్లో హెడ్మాస్టరు పని

చిరంజీవికి,

పదో తరగతి సిలబస్ ముగించే జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే అమరావతి చుట్టుపక్కల మిరప కోతలు ముమ్మరమవుతాయి. దానికి ముందే పత్తి తీతలు మొదలై ఉంటాయి. ఊరి పిల్లలు కొందరు కూలికి పోతారు, కొందరు చంటిపిల్లల్ని చూసుకుంటూ ఇంట్లో ఆగిపోతారు. కర్నూలు పడమటి మండలాల నుంచి వలస వచ్చే కుటుంబాల వెంట మరికొందరు పిల్లలు వస్తారు. హాజరు పట్టీని నెలాఖరున లెక్కకట్టే హెడ్మాస్టరుకు ఇదంతా ఆలస్యంగా తెలుస్తుంది. బడికి రాని రెండో రోజే ఇంటికి కబురు పంపేవాడికి పిల్లాడు దక్కుతాడు. వలస వచ్చిన పిల్లల్ని టీసీ లేదని వెనక్కి పంపడానికి 2009 నాటి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాల్సిందే.

హాజరు తర్వాతది పాఠం. అసలు సంగతి ఇదే. హెడ్మాస్టరు చేసే పనుల్లో పిల్లల చదువుకు ఏది ఎక్కువ ఉపయోగపడుతుందో న్యూజిలాండ్‌కు చెందిన పరిశోధకురాలు వివియన్ రాబిన్సన్, ఆమె సహచరులు 2008లో అంతకుముందరి అధ్యయనాలను పోగుచేసి లెక్కకట్టారు. లక్ష్యాలు పెట్టడం, వనరులు సమకూర్చడం, క్రమశిక్షణ ఇవన్నీ అందులో ఉన్నాయి. అన్నిటికన్నా పైన నిలిచింది మాత్రం ఉపాధ్యాయులు నేర్చుకునేచోట హెడ్మాస్టరు తానూ కూర్చుని నేర్చుకోవడం. అంటే వారానికి కొన్ని పీరియడ్లు తాను పాఠం చెప్పాలి, ఇంకొన్ని పీరియడ్లు వెనక బెంచీలో కూర్చోవాలి. లెసన్ ప్లాన్ మీద సంతకం చేసి ఊరుకోకుండా పిల్లల నోటు పుస్తకాలు తెరవాలి. కనిపించిన లోపాల్లో ఒక్కదాని గురించే, అదీ టీచరుతో విడిగా మాట్లాడాలి. సర్క్యులర్లు చదివి వినిపించే స్టాఫ్ మీటింగ్ టీ చల్లారేలోపే అందరికీ మరుపున పడుతుంది. అదే మీటింగ్‌లో ఆరో తరగతి నోటు పుస్తకాలు పది బల్లమీద పెడితే మాట వేరే దారిన నడుస్తుంది.

కాగితం మీది ప్రణాళికలతో బడి మారదనడానికి మధ్యప్రదేశ్ సాక్ష్యం. అక్కడ బడులను తనిఖీ చేసి, గ్రేడులిచ్చి, అభివృద్ధి ప్రణాళికలు రాయించారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్ పరిశీలించినప్పుడు ప్రణాళికలైతే ఉన్నాయి గానీ బోధనలోనూ పిల్లల మార్కుల్లోనూ మార్పు లేదు. ఇదే మురళీధరన్ 2005లో వెంకటేశ్ సుందరరామన్‌తో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలుపెట్టిన అధ్యయనంలో, పిల్లల ప్రగతిని బట్టి టీచర్లకు బోనస్ ఇచ్చిన బడుల్లో మార్కులు పెరిగాయి. విచిత్రం ఏమిటంటే టీచర్ల హాజరు పెరగలేదు. వచ్చిన రోజున అదనపు క్లాసులు, అభ్యాస పరీక్షలు పెరిగాయి. బోనస్ ఇవ్వడం హెడ్మాస్టరు చేతిలో లేదు, అభ్యాసానికి వేళ కేటాయించడం ఉంది. ముఖం చూసి హాజరు వేసే యాప్ టీచరు వచ్చాడో లేదో చెబుతుంది, ఏం చెప్పాడో చెప్పదు.

ఇక వసతుల సంగతి. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు-నేడు అనే బడుల బాగుచేత పథకంతో చాలా బడులకు మరుగుదొడ్లు, ఫ్యాన్లు, రంగులు వచ్చాయి. అవి కావలసినవే, కానీ పాఠం చేసే పని అవి చేయవు.

తల్లిదండ్రుల సంగతి. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ అంతటా మెగా పేరెంట్-టీచర్ మీటింగ్ జరిగింది, ముఖ్యమంత్రి బాపట్ల మునిసిపల్ హైస్కూలుకు వెళ్లారు. ఒక్కరోజు పండుగకు జనం వస్తారు. కోతల్లో ఉన్న తల్లి మాత్రం పగలు పదకొండింటికి రాలేదు, కూలి పోతుంది. ఆమెతో మాట్లాడాలంటే పొద్దుగూకాక, కూలీల ఆటోలు ఊళ్లోకి తిరిగొచ్చే వేళ బడి గేటు తెరిచి ఉంచాలి.

ఆశీస్సులతో,
పెదనాన్న