పెంకుటిల్లు చల్లనిదే, మరి పచ్చనిదేనా?

పాత ఇళ్లు పర్యావరణానికి మంచివని అందరూ అంటారు. సివిల్ చదువుతున్నవాళ్లం కాబట్టి ఆ మాట ఒప్పుకోవాలన్నా, కొట్టిపారెయ్యాలన్నా ముందు లెక్క అడగాలి. కోనసీమలో మా అమ్మమ్మగారి మండువా ఇల్లు పడగొట్టి రెండంతస్తుల స్లాబు ఇల్లు కట్టాలా వద్దా అని మా మావయ్యలు ఆలోచిస్తున్నారు. "నువ్వు సివిలేగా, చెప్పు" అన్నారు. అందుకే ఈ లెక్క మొదలుపెట్టాను.

1. హద్దు గీసుకోవడం

లైఫ్ సైకిల్ అసెస్‌మెంట్‌లో సరుకు, కట్టడం, వాడకం, మరమ్మతు, పడగొట్టడం అన్నీ లెక్కలోకి రావాలి. పోల్చాల్సింది ఇంటికి ఇల్లు కాదు. మనిషికి ఎంత, ఏడాదికి ఎంత అని చూడాలి. ఇరవై మంది ఉన్నప్పుడు పొదుపుగా కనిపించిన మండువా, ఇద్దరే ఉంటే అంత పొదుపు కాదు.

2. సరుకు

మట్టి గోడకి మట్టి ఊళ్లోదే. కాల్చే పని లేదు. అదే సిమెంటైతే, 1 కిలో క్లింకర్ తయారీలో సున్నపురాయి విడిపోవడం వల్లే సుమారు అర కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇంధనం నుంచి వచ్చేది దానికి అదనం. గానుగ సున్నం కూడా కాల్చిందే కానీ, గట్టిపడేటప్పుడు రాయి వదిలిన వాయువులో చాలా భాగాన్ని గాలిలోంచి తిరిగి తీసుకుంటుంది. పెంకు మాత్రం బట్టీలో కాలిందే, ఆ ఇంధనం దాని ఖాతాలో రాయాల్సిందే.

3. వేడి

యూ-విలువ అంటే ఒక చదరపు మీటరు గుండా, ఒక డిగ్రీ తేడాకి ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె. తక్కువైతే మంచిది. ఇళ్ల కప్పుకి ఎకో నివాస్ సంహిత 2018 పెట్టిన పరిమితి 1.2. మామూలుగా వాడే ఉష్ణవాహకత విలువలతో నేను వేసిన లెక్క ఇది:

- 450 మి.మీ. మట్టి గోడ: సుమారు 1.3
- 230 మి.మీ. ఇటుక గోడ: సుమారు 2.2
- 150 మి.మీ. ఉత్త స్లాబు: సుమారు 3.3
- 200 మి.మీ. తాటాకు కప్పు: సుమారు 0.33
- ఉత్త పెంకు: 4 పైనే

చూశారా, పెంకు స్లాబు కన్నా వెనకబడింది! మరి ఆ ఇల్లు చల్లగా ఎందుకుంటుంది? పెంకు కింద చెక్క అటక ఉంటే, మధ్య గాలితో కలిపి విలువ 1.7 దగ్గరికి దిగుతుంది. వేడి గాలి పెంకు సందుల్లోంచి, మండువా మీదుగా పైకి పోతుంది. పెంకు పల్చన కాబట్టి పొద్దుగూకగానే చల్లారుతుంది. స్లాబు మాత్రం పగలు దాచుకున్న వేడిని రాత్రి మన మీద వదులుతుంది. అంటే చల్లదనం పెంకుది కాదు, అటకదీ గాలిదీ. అటక లేని గది మధ్యాహ్నం ఉడికిపోతుంది.

4. మరమ్మతు, భద్రత

ఏటా వానలకి ముందు పెంకు సర్దించాలి, చెదలు చూడాలి, నేల అలకాలి. ఆ అలికే చాకిరీ ఎక్కువగా ఆడవాళ్లదే, ఏ కార్బన్ లెక్కలోనూ అది కనపడదు. తాటాకుకి మార్కులు ఎక్కువే కానీ వేసవిలో నిప్పు భయం, కొన్నేళ్లకోసారి కొత్తగా నేత తప్పదు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన వేల మందిని పొట్టనబెట్టుకుంది. నీళ్లు నిలిచిన చోట మట్టి గోడ నిలవదు. ప్రాణం కాపాడని ఇంటిని సుస్థిరమైన ఇల్లు అనలేం.

5. పడగొట్టాక

మట్టి మట్టిలో కలుస్తుంది. టేకు దూలాలు, తలుపులు ఇంకో ఇంటికి పనికొస్తాయి. స్లాబులో ఇనుము కరిగించి మళ్లీ వాడొచ్చు గానీ, కాంక్రీటు ముక్కలు చాలా చోట్ల ఏ గుంటలోకో పోతాయి.

నా తీర్పు

పాతదంతా పచ్చనిది కాదు. కానీ నిలబడి ఉన్న ఇంటికి కావాల్సిన ఖర్చు ప్రకృతి ఎప్పుడో పెట్టేసింది. కూల్చి కడితే అది మళ్లీ మొదటి నుంచి పెట్టాలి. ఆ ఇంట్లో ఇప్పుడుండేది ఇద్దరే, రెండంతస్తులు ఎవరికోసం? అందుకని మావయ్యలకి చెప్పిందొకటే: పడగొట్టకండి. అటక లేని గదులకి అటక వేయించండి, గోడ పాదానికి తడి తగలకుండా చూడండి, తుఫాను ఆశ్రయానికి ఒక్క గది మాత్రం కాంక్రీటుతో గట్టిగా కట్టుకోండి. వాళ్లింకా ఏమీ తేల్చలేదు.

సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఇంటి గోడ మందం, కప్పు రకం, ఉండే మనుషుల సంఖ్య, ఏటా మరమ్మతు ఖర్చు రాసుకురండి. మన జిల్లాల ఇళ్ల లెక్క మనమే వేద్దాం.