వంశవృక్షానికి వేరు – జ్ఞానస్నాన పుస్తకం



మత్తయి సువిశేషం మొదటి అధ్యాయంలోని పేర్ల వరుసను మనలో చాలామంది గబగబా చదివి దాటిపోతాం. తన తాతముత్తాతలెవరో తెలియని మనిషికి మాత్రం ఆ వరుస విలువ బాగా తెలుసు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశాలలో స్థిరపడిన ఐరిష్ కతోలిక కుటుంబాలు ఎన్నో నేటికీ అటువంటి వరుస కోసమే వెదకుతున్నాయి.

1845లో ఐర్లాండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. 1852 వరకు సాగిన కరువులో సుమారు 10 లక్షలమంది మరణించారు. సుమారు మరో 10 లక్షలమంది ఓడలెక్కి దేశం విడిచారు. వారిలో ఎక్కువమంది పేద కౌలుదార్లు, కూలీలు. ఆస్తిపత్రాలు లేవు, సమాధిపై రాయి కూడా లేదు. మరి వారి జాడ ఎక్కడ దొరుకుతుంది?

ప్రభుత్వ దస్తావేజులలో దొరికేది కొద్దే. 1922 జూన్ 30న, అంతర్యుద్ధ సమయంలో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న దస్తావేజుల భవనం పేలుడుకు, మంటలకు ఆహుతి అయింది. 1821 నుండి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. 1861 నుండి 1891 వరకు తీసినవాటిని అంతకు ముందే ప్రభుత్వమే నాశనం చేసింది. దేశమంతటికీ మిగిలిన తొలి లెక్క 1901నాటిది. కతోలికుల జనన మరణాల ప్రభుత్వ నమోదు 1864లోనే మొదలైంది.

అంతకు ముందు పుట్టిన పేదబిడ్డ పేరును నిలిపినది విచారణ గురువు వ్రాసిన జ్ఞానస్నాన పుస్తకమే. ఆ పుస్తకాలు విచారణలలోనే ఉన్నందున డబ్లిన్ మంటలు వాటిని తాకలేదు. 1880 వరకు ఉన్న పుస్తకాల చిత్రాలను ఐర్లాండు జాతీయ గ్రంథాలయం 2015లో ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది.

వెదకే పద్ధతి ఇది. మొదట ఇంటి పెద్దలను అడగాలి. తరువాత వలస వెళ్ళిన దేశంలోని వివాహ, మరణ పుస్తకాలలో స్వగ్రామం పేరు చూడాలి. ఆ పేరు దొరికితేనే విచారణ తెలుస్తుంది. అటుపిమ్మట 1847–1864 మధ్య గ్రిఫిత్ చేయించిన భూమి, ఇండ్ల విలువల జాబితాలో ఇంటి యజమాని పేరు వెదకాలి.

ఇక్కడ జాగ్రత్త అవసరం. లతీనులో వ్రాసినచోట జేమ్స్ 'యాకోబుస్' అవుతాడు, విలియం 'గులియెల్ముస్' అవుతాడు. ఒకే ఊరిలో ఒకే పేరు గలవారు పలువురు ఉంటారు. జ్ఞాన తల్లిదండ్రుల పేర్లే వారిని విడదీసి చూపుతాయి. 1908లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. 1901 లెక్కతో పోల్చితే 1911లో కొందరి వయస్సు పదేండ్లకు మించి పెరిగింది!

కనుక విన్నది వేరు, వ్రాతలో చూచినది వేరు, ఊహించినది వేరు. ఈ మూడింటినీ కలిపివేస్తే పరాయివాని తాతను మన తాతగా చేసుకుంటాం. ప్రతి పేరు ప్రక్కన అది ఎక్కడ దొరికిందో, ఏ తేదీన చూచామో వ్రాసుకోవాలి. ఆధారం లేనిచోట ఖాళీ ఉంచడమే సత్యానికి గౌరవం.

కతోలిక కుటుంబాలారా, జ్ఞానస్నానం నమోదు చేయడం మన విచారణలలోనూ ఉన్న నియమమే. బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, తేదీ సరిగా చెప్పండి, వ్రాసినది చదివించుకోండి. ఈ ఆదివారం పూజ తరువాత ఒక నోటుపుస్తకం తీసుకొని అమ్మమ్మ ప్రక్కన కూర్చోండి. ఆమె పుట్టిన ఊరు, ఆమె తల్లి పుట్టింటిపేరు అడిగి వ్రాయండి. పుస్తకం మరో యాభై ఏండ్లు ఆగగలదు; అమ్మమ్మ ఆగలేదు.